అంజలికి రెండు చేతులు

(ఆలయ ఆస్థానమండపంలో దాతల సమావేశమున ఒక విశ్రాంత సంస్కృతోపన్యాసకులు చేసిన ప్రసంగ పాఠం)





ఈ సభలో ఏదైనా ఉపనిషత్తు మీద మాట్లాడమని నన్ను కోరారు. నలభై ఏళ్లు వ్యాకరణం పాఠం చెప్పుకొని జీవించినవాణ్ణి. ఉపనిషత్తు మీద గంటసేపు మాట్లాడడం నాకు పెద్ద పని కాదు. అయినా నేడు ఒక పిల్లవాడి కుడిచేతిని గురించి మాట్లాడతానని అనుమతి అడిగాను. అధ్యక్షులవారు ఒక క్షణం ఆగి, "మీ ఇష్టం శాస్త్రిగారూ" అన్నారు. ఆ ఆగడంలో కొంత సందేహం వినిపించింది. అది తీర్చే బాధ్యత నామీద ఉంది.

ఇందాక హారతి అయింది. గంట మోగగానే మనమందరం చేతులు జోడించాం. జోడించాలని ఎవరమూ ఆలోచించలేదు. తరువాత కుడి అరచేతిని గోకర్ణంలా ముడిచి, కింద ఎడమచేయి ఆనించి తీర్థం పుచ్చుకున్నాం. కొబ్బరిచిప్పలు అందుకున్నాం. కుంకుమ పొట్లం విప్పాం. ప్రసాదపు దొన్నె ఒక చేత పట్టి రెండో చేత్తో తిన్నాం. కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాం. ఇవన్నీ రెండు చేతుల పనులు. మా అమ్మాయి కొడుకు, నా దౌహిత్రుడు, ఏడవయేడు వచ్చేదాకా వీటిలో ఒక్కటీ సరిగా చేసుకోలేకపోయాడు.

వాడికి ఉన్నది సెరిబ్రల్ పాల్సీ. తెలుగులో మస్తిష్క పక్షవాతం అంటున్నారు. గర్భంలోగాని, ప్రసవ సమయంలోగాని, పుట్టిన తొలి రోజులలోగాని ఎదుగుతున్న మెదడుకు దెబ్బ తగిలితే, శరీరపు కదలికా నిలకడా చెడిపోతాయి. ఆ దెబ్బ ఒకసారి తగిలి ఆగిపోతుంది. అది రోజురోజుకు ముదిరే వ్యాధి కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు. అయితే పిల్లవాడు ఎదిగేకొద్దీ, సరిగా కదలని కండరాలు బిగిసి, కీళ్లు వంకరపోయి, ఇబ్బంది పెరగవచ్చు. ప్రతి వెయ్యిమంది శిశువులలో ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుందని వైద్యుల లెక్క. కొందరికి కాళ్లు చేతులు నాలుగూ, కొందరికి ముఖ్యంగా కాళ్లు, మావాడివంటివారికి ఒక పక్క చేయీ కాలూ. మెదడులో ఎడమభాగం శరీరపు కుడిపక్కను ఏలుతుంది కనుక, అక్కడ తగిలిన దెబ్బ వాడి కుడిచేతిలో కనబడింది. బుద్ధికి ఏ లోటూ లేదు. తాతగారి గొప్ప అనుకోకపోతే, అమరకోశం ప్రథమకాండలో సగం వాడికి నోటికి వచ్చు.

ఈ సంగతి మాకు ముందే తెలియవలసింది. ఎనిమిదో నెలలో వాడు గిలక్కాయను ఎప్పుడూ ఎడమచేత్తోనే అందుకునేవాడు. కుడి పిడికిలి బిగుసుకుని, బొటనవేలు లోపలికి మడిచి ఉండేది. మేము నవ్వుకున్నాం. "మన ఇంట సవ్యసాచి పుట్టాడు" అని నేను శ్లేష కూడా విసిరాను. ఏడాది నిండని బిడ్డకు చేతివాటం ఏర్పడదని, ఆ వయసులో ఒక చేతినే వాడుతున్నాడంటే రెండవ చేతికి ఏదో అయిందని అనుమానించి వైద్యుడి వద్దకు పరుగెత్తాలని నాకు తెలియదు. ఈ సభలో మనుమలను ఎత్తుకున్నవారు చాలామంది కనబడుతున్నారు. నేను చెప్పబోయేదంతా మరచిపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

వాడికి ఏడాదిన్నర దాటాక వైద్యుడు పేరు పెట్టి చెప్పాడు. ఆ వార్త తెలియగానే మా బంధువర్గం మా అమ్మాయిని అడిగిన మొదటి ప్రశ్న, గ్రహణం పూట ఏం చేశావని. కూర తరిగావా, కత్తి పట్టావా అని. రెండవ మాట, ఏ జన్మలోని పాపమో అని. అది ప్రశ్న కాదు, తీర్పు.

లండన్ నగరంలో విలియం జాన్ లిటిల్ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. స్వయంగా వంకర పాదంతో పెరిగినవాడు. కష్టప్రసవానికీ పిల్లల అవయవాల బిగువుకూ సంబంధం ఉందని 1861లో వైద్యుల సభలో ప్రతిపాదించాడు. చాలాకాలం ఈ స్థితిని లిటిల్ వ్యాధి అనే పిలిచారు. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్, స్వప్నాల మీద గ్రంథం రాసిన ఆ ఫ్రాయిడే, దీనిమీద పెద్ద గ్రంథం వెలువరించి, గర్భంలోనే మొదలైన లోపానికి కష్టప్రసవం ఒక లక్షణం మాత్రమే కావచ్చునని పూర్వపక్షం చేశాడు. నేటి వైద్యులు నెలలు నిండని కాన్పు, పుట్టేవేళ ప్రాణవాయువు అందకపోవడం, ముదిరిన పచ్చకామెర్లు, గర్భస్థ శిశువు మెదడులో రక్తప్రసారం ఆగిపోవడం ఇత్యాదిగా అనేక కారణాలు చెబుతారు. ఎన్నో సందర్భాలలో ఏ ఒక్క కారణమూ తేలదు. ఆ పట్టికలో ఎక్కడా తల్లి కూర తరగడం లేదు. కర్మసిద్ధాంతాన్ని నేను కాదనేవాణ్ణి కాను. కాని అది ఎవరికి వారు ఓర్పు తెచ్చుకోవడానికి చెప్పుకోవలసిన మాట. పురిటి మంచం దిగిన పిల్లమీద విసరడానికి పనికివచ్చే రాయి కాదు.

అష్టావక్రుడి కథ మీకందరికీ తెలిసినదే. భారతం అరణ్యపర్వంలో ఉంది. గర్భంలో ఉండి తండ్రి వేదపాఠాన్ని తప్పుపట్టినందుకు, తండ్రి శపించగా, ఎనిమిది వంకరలతో పుట్టాడు. అనగా ఆ వంకరలు బిడ్డ చేసిన పాపానికి రాలేదు, తండ్రి కోపానికి వచ్చాయి. ఈ భాగాన్ని ఎవరూ ఎత్తరు. చివరకు సమంగా నదిలో స్నానం చేయగా వంకరలు తీరిపోయాయి. నేను ఆ చివరి ఘట్టాన్ని పట్టుకున్నాను. శాంతులు చేయించాను. క్షేత్రాలు తిరిగి కోనేళ్లలో వాణ్ణి ముంచాను. పూజలు చేసినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. అవి ముగిశాక వైద్యానికి వెళదామని వాయిదా వేసినందుకు ఉంది. రెండేళ్లు అలా పోయాయి. చిన్న మెదడు మెత్తని మట్టివంటిదనీ, ఎంత ముందు సాధన మొదలుపెడితే అంత మేలనీ తరువాత తెలిసింది.

మూడున్నరేళ్ల వయసులో ఫిజియోథెరపీ మొదలైంది. వారానికి రెండు అరగంటలు. ఆ అబ్బాయి వచ్చి వాడి చేతిని పట్టుకుని చాపేవాడు, మడిచేవాడు. ఇంట్లో మా ఆవిడ నువ్వులనూనెతో మర్దన చేసేది. చేయి కొంత మెత్తబడేది. కాని ఆ చేత్తో వాడు ఏమీ చేసేవాడు కాదు. చేయించుకునేవాడు, అంతే. మిగిలిన పనులన్నీ మేము చేసేవాళ్లం. స్నానం, చొక్కా, అన్నం, మంచినీళ్లు. వాడు నోరు తెరవకముందే ముద్ద సిద్ధం. ముద్దుచేస్తున్నాం అనుకున్నాం.

ఇక్కడ నేను చేసిన ఒక పని మీ ముందు చెప్పుకోవాలి. వాడికి ఐదేళ్లు నిండాయి. ఉపనయనం సంగతి నా మనస్సులో తిరుగుతోంది. కుడిచేయి రానివాడికి ఆచమనం ఎట్లా, ఆపోశనం ఎట్లా అని నిద్రపట్టేది కాదు. వాడు అప్పుడప్పుడే ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు. అది చూసి నేను సహించలేకపోయాను. ఒక మధ్యాహ్నం నా ఉత్తరీయంతో వాడి ఎడమచేతిని పీటకోడుకు కట్టి, కంచం ముందు పెట్టి, "ఇప్పుడు కుడిచేత్తో తిను" అన్నాను. కుడిపిడికిలి అన్నంలో దిగింది గాని విప్పుకోలేదు. మెతుకులు కిందపడ్డాయి. వాడు ఏడవలేదు. నావైపు చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపు అయిందో నాకు గుర్తులేదు. మా అమ్మాయి వచ్చి ముడి విప్పింది. "నాన్నగారూ, వాడికి ఆకలి వేస్తోంది" అంది. అంతకు మించి ఒక్కమాట అనలేదు. ఆ మర్నాటి నుంచి నేనే వాడికి అన్నం తినిపించడం మొదలుపెట్టాను, ప్రాయశ్చిత్తంగా. అది రెండవ తప్పు.

ఏడవయేట విశాఖపట్నంలో ఒక కేంద్రంవారు వేసవి శిబిరం పెడుతున్నారని తెలిసి వాణ్ణి చేర్పించాం. పన్నెండుమంది పిల్లలు. ఒక్కొక్క పిల్లవాడికి ఒక్కొక్క విద్యార్థి సహాయకుడు. మూడు వారాలు, వారానికి ఐదు రోజులు, రోజుకు నాలుగు గంటలు. మొత్తం అరవై గంటలు. ఇంటివద్ద మరొక గంట మేము చేయించాలి. మా వారానికి రెండు అరగంటల లెక్కలో ఆ అరవై గంటలకు అరవై వారాలు పడుతుంది. మొదట నాకు అది అతిగా తోచింది. తరువాత నాకే నవ్వు వచ్చింది. వేదపాఠశాలలో సంత చెబుతారు. గురువు ఒకసారి, శిష్యులు తిరిగి తిరిగి. వారానికి రెండు అరగంటలు సంత చెప్పుకుని ఘనాంతం పూర్తిచేసిన వాణ్ణి మీరెక్కడైనా చూశారా?

శిబిరం నడిపే అమ్మాయి వయసులో నా శిష్యురాళ్ల కూతురంత ఉంటుంది. మొదటి రోజు మమ్మల్ని కూర్చోబెట్టి, మూడు వారాలు ముగిసేసరికి పిల్లవాడు ఏ పని చేయగలగాలని కోరుకుంటున్నారు, మూడు చెప్పండి అంది. మా అమ్మాయి చొక్కా గుండీలు అంది. నేను కుడిచేత్తో భోజనం అన్నాను. ఆమె నావైపు తిరిగి ఎంతో మర్యాదగా, "తాతగారూ, ఇది బాబు కోరికా, మీ కోరికా?" అంది. నేను సమాధానం చెప్పలేదు. ఆమె వాణ్ణే అడిగింది. వాడు తల దించుకుని, "డబ్బా మూత" అన్నాడు.

బడిలో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీయడం వాడికి రాదు. ఆయా వచ్చి తీయాలి. ఆయా ఎక్కడో ఉన్న రోజున డబ్బా అలాగే ఇంటికి వచ్చేది. "ఆకలి వేయలేదు" అనేవాడు. రెండేళ్లుగా మేము దాన్ని నమ్మాం.

ఆ మూడు వారాలు ఆ డబ్బాతో ఏం చేశారో చెబుతాను, ఎందుకంటే విద్య అంతా అందులోనే ఉంది. మొదట మూత పైన ఊరకే ఆనించి పెట్టారు. డబ్బాను కుడి ముంజేతితో గుండెకు అదిమి పట్టుకోవాలి, ఎడమచేత్తో మూత ఎత్తాలి, అంతే. లోపల జీడిపప్పు. అది వాడికి వచ్చింది. మర్నాడు మూత కాస్త బిగించారు. తరువాత డబ్బాను గుండెమీద నుంచి బల్లమీదికి దించారు. అప్పుడు ముంజేయి కాదు, అరచేయి పట్టాలి. ఆపైన ఇంకొంచెం బిగువు. ప్రతి మెట్టూ వాడి శక్తికి ఒక వీసమెత్తు మాత్రం ఎక్కువ. సులభమైతే మెదడు నేర్చుకోదు, అసాధ్యమైతే మనస్సు విరిగిపోతుంది అన్నది ఆ అమ్మాయి. గుండీల విషయంలో ఇంకొక ఉపాయం చూశాను. మొదటి నుంచి కాక చివరి నుంచి నేర్పడం. గుండీని కాజాలో సగందాకా మా అమ్మాయే దూరుస్తుంది. చివరి లాగుడు మాత్రం వాడిది. అది వచ్చాక దాని ముందరి మెట్టు. ఏ మెట్టులో ఆగినా పని పూర్తిచేసినవాడు వాడే అవుతాడు. నలభై ఏళ్లు సంధులు మొదటి సూత్రం నుంచి చెప్పినవాడికి ఇది కొత్తగా తోచింది.

మిగిలిన వేళలో ఆటలు. గవ్వలు రెండు దోసిళ్లలో వేసి గలగలలాడించడం, పేకముక్కలు పట్టడం, పిండి ముద్దలు ఒత్తడం. ఇంటివద్ద మా ఆవిడ పాత వామనగుంటల పీట దించింది. చింతగింజలు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో వదలాలి. అన్నిటికీ ఒకటే నియమం: పెద్దలు చేయిపెట్టరాదు. మా అమ్మాయి తన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేది. నన్ను వీధి అరుగుమీదికి పంపేశారు.

ఒకరోజు ఆ అమ్మాయికి నా ఉత్తరీయం కథ చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె తిట్టలేదు. "తాతగారూ, వైద్యులూ అదే చేస్తారు" అని ఒక కథ చెప్పింది. అమెరికాలో ఎడ్వర్డ్ టౌబ్ అనే శాస్త్రజ్ఞుడు కోతులమీద పరిశోధన చేశాడట. ఒక చేతిలో స్పర్శ పోయిన కోతి ఆ చేతిని వాడడం మానేస్తుంది. రెండవ చేతిని కొన్నాళ్లు కట్టి ఉంచితే మళ్లీ వాడుతుంది. అంటే చేయి చచ్చిపోలేదు. వాడకపోవడాన్ని కోతి నేర్చుకుంది. ఆ సూత్రం మీద పక్షవాతం వచ్చిన పెద్దలకు, తరువాత పిల్లలకు, బాగున్న చేతికి తొడుగు వేసి రెండవ చేత్తో పని చేయించే చికిత్స వచ్చింది. "మరి నేను చేసింది?" అన్నాను. "మీరు కట్టింది చేతిని. వాళ్లు ముందు పనిని చిన్నది చేస్తారు, ఆట చేస్తారు, బిడ్డ ఒప్పుకున్నాకే తొడుగు వేస్తారు. మీరు మొదటి రోజే అన్నం ముద్ద పెట్టారు" అంది. అన్నం కలపడం, ముద్ద చేయడం వేళ్లకు ఎంత కష్టమైన విద్యో, ఆ రాత్రి భోజనం చేస్తూ నా వేళ్లను నేనే చూసుకుంటే తెలిసింది.

యోగసూత్రాలలో పతంజలి అభ్యాసం స్థిరపడడానికి మూడు చెప్పాడు. చిరకాలం, ఎడతెగకపోవడం, ఆదరం. పాఠం చెప్పే రోజులలో నేను మొదటి రెండింటినీ గట్టిగా పట్టుకుని, మూడవదాన్ని వ్యాఖ్యానంలో దాటేసేవాణ్ణి. నా శిష్యులు ఎవరైనా ఈ సభలో ఉంటే ఒప్పుకుంటారు.

ఆమె ఇచ్చిన వ్యాసాలు మా అల్లుడు చదివి నాకు తెలుగులో చెప్పాడు. న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన టీచర్స్ కాలేజీలో ఆండ్రూ గోర్డన్ అనే ఆచార్యుడు ఇటువంటి శిబిరాలను ఏళ్లతరబడి నడిపాడు. రోజుకు 6 గంటల చొప్పున 15 రోజులు, 90 గంటలు. 2011లో ప్రకటించిన పరిశోధనలో, ఒకపక్క దెబ్బతిన్న 42మంది పిల్లలను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి బాగున్న చేతిని ఆపి, మరొక వర్గానికి రెండు చేతులనూ కలిపి, సమానంగా గంటలు సాధన చేయించారు. చేతి నేర్పు రెండు వర్గాలలోనూ ఇంచుమించు ఒకేలా పెరిగింది. ఇంటివారు కోరుకున్న నిత్యకృత్యాలలో మాత్రం రెండు చేతుల వర్గం ముందుకు వెళ్లింది. బెల్జియం దేశంలో యానిక్ బ్లెయెన్‌హుఫ్ట్ అనే విదుషి బృందం దీనికే కాళ్లనూ నడుమునూ చేర్చి సాధన రూపొందించింది. 2020లో మరికొందరు పండితులు అంతవరకు వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి, ఎంచుకున్న ఒక్కొక్క పనికి 14 నుంచి 25 గంటలు, చేతి నేర్పు మొత్తంగా పెరగడానికి 30 నుంచి 40 గంటలు సాధన కావాలని తేల్చారు. ఇతరులు పట్టి కదిలించిన గంటలు కావు; బిడ్డ తానుగా చేసిన గంటలు.

జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజు డబ్బా ఖాళీగా వచ్చింది. మా ఆవిడ దాన్ని తోమకుండా చాలాసేపు పక్కన పెట్టుకుంది.

నేను పురాణం చెప్పడం లేదు కనుక మిగిలినదీ చెప్పాలి. వాడి కుడిచేయి నయం కాలేదు. వేళ్లు విడివిడిగా నేటికీ కదలవు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి మనకంటె నాలుగింతల సమయం పడుతుంది. ఆ కుడిచేయి రాసే చేయి కాదు, తినే చేయి కాదు. పట్టి ఉంచే చేయి. ఒక ఏడు పరీక్షల హడావిడిలో మేము సాధన వదిలేస్తే, వచ్చినదాంట్లో కొంత పోయింది. మళ్లీ వేసవిలో కూర్చోవలసి వచ్చింది. సమంగా నది నాకు దొరకలేదు.

అందరు పిల్లల గమ్యమూ ఒకటి కాదు. 1997 నుంచి వైద్యులు ఈ పిల్లల కదలికను ఐదు తరగతులుగా లెక్కిస్తున్నారు. మొదటి తరగతివారు నడుస్తారు, మెట్లెక్కుతారు. ఐదవ తరగతివారికి తల నిలపడమే కష్టం. ఆ శిబిరంలో పాడేరు అవతలి కొండఊరి నుంచి వచ్చిన ఒక ఆరేళ్ల ఆడపిల్ల ఉండేది. తల్లి చంకన వేసుకుని తెచ్చేది. నడవలేదు, మాట రాదు, కాని నవ్వేది. ఆమెకు పెట్టుకున్న లక్ష్యం ఒక్కటే: కమ్మీ పట్టుకుని తల్లి బట్టలు మార్చేంతసేపు నిలబడడం. నాకు అది చాలా చిన్నదిగా కనబడింది. అప్పుడు ఆ తల్లి చెప్పింది: "ఇప్పటికి ఎత్తుతున్నాను బాబూ. ఇంకో నాలుగేళ్లకు ఇది బరువైపోతాది. నా నడుం పోతే దీన్నెవులెత్తుతారు?" పిల్ల నిలబడితే తల్లి నడుము నిలుస్తుంది. ఆరవ రోజున ఆ పిల్ల పదివరకు లెక్కపెట్టేంతసేపు నిలబడింది. అందరం చప్పట్లు కొట్టాం.

ఏడవ రోజున వారు రాలేదు. శిబిరంలో శిక్షణ ఉచితమే. కాని ఊరికి రోజూ వెళ్లిరావడం కుదరదు. బస్సు స్టాండు దగ్గర అద్దె గదికి డబ్బు అయిపోయింది, అక్కడ కూలి పోతోంది, ఇంటివద్ద ఇంకో బిడ్డ ఉన్నాడు. ఇరవైనాలుగు గంటల సాధన చేసి, ముప్పైఆరు గంటలు మిగిలి ఉండగా వెళ్లిపోయారు. వారు వెళ్లబోతున్నారని నాకు ముందురోజు సాయంత్రమే తెలుసు. ఆ తల్లే చెప్పింది. ఆ రోజులలో మా ఇంటి మేడమీద గది ఖాళీగా ఉంది. మాది మడీ ఆచారమూ పాటించే ఇల్లు. మా ఆవిడ ఏమంటుందో అనుకున్నాను. నిజానికి ఆవిడను నేను అడగనే లేదు. మాట గొంతుదాకా వచ్చింది. "వెళ్లిరా అమ్మా" అన్నాను.

ఆ తరువాత ఆ తల్లి జాడ కేంద్రంవారికీ దొరకలేదు. ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ, "అడిగితే వద్దంటానా?" అంది. ఆ మాట తగిలినంతగా నాకు ఏ పండితుడి ఆక్షేపణా తగలలేదు.

ఇక ఈ క్షేత్రానికి సంబంధించిన రెండు విషయాలు విన్నవించుకుంటాను.

మొదటిది అర్చకస్వాములకు. కొన్నేళ్ల క్రితం ఒక ఆలయంలో మావాడు ఎడమచేయి చాస్తే, తీర్థం పోయకుండా ఉద్ధరిణె వెనక్కి తీసుకున్నారు. ఆయన తప్పని నేను అనను. ఐదేళ్ల పిల్లవాడి చేతిని పీటకు కట్టినవాడికి ఆ అర్హత లేదు. కాని శాస్త్రం తెలిసినవారమే కనుక శాస్త్రంలోనే మాట్లాడుకుందాం. కుడిచేత స్వీకరించాలన్నది ఉత్సర్గం. ఉత్సర్గానికి అపవాదం ఉంటుంది, అపవాదం బలీయం. అశక్తుడికి శక్తికొలది చేయడమే విధి. మనం ప్రతి పూజలోనూ యథాశక్తి అంటున్నాం. ఆ మాట అనడానికే అలవాటుపడి అర్థం మరచిపోయాం. ఆ పిల్లలు ఏ చేయి చాస్తే ఆ చేతిలో తీర్థం పోయండి. కాస్త ఆలస్యమవుతుంది; వెనక వరుసవారు తొందరపెడతారు; ఆగండి. మావాడికి నిరుడు వైశాఖంలో ఉపనయనం చేశాం. ఆచమనం వేళ వాడు ఎడమచేత్తో కుడి మణికట్టును కింద నుంచి పట్టి నోటిదాకా ఎత్తుకున్నాడు. నీళ్లు సగం ఒలికాయి. బ్రహ్మస్థానంలో ఉన్న పెద్దలు నావైపు చూశారు. నేను మంత్రం ఆపలేదు.

రెండవది దాతలకు. దేవాలయాలకు ఈ పని కొత్త కాదు. తిరుపతిలో దేవస్థానంవారి బర్డ్ ఆస్పత్రి ఎముకలు, కీళ్లు, పోలియో, ఇటువంటి పిల్లల చికిత్స దశాబ్దాలుగా చేస్తున్నది. ప్రభుత్వ పక్షాన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. దాని కింద నిరామయ అనే ఆరోగ్యబీమా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఇదీ ఉంది. ఈ సంగతులు తెలియని తల్లిదండ్రులు ఇంకా ఎందరో ఉన్నారు. మీ ఊళ్లో చెప్పండి.

ముంబైలో మిథు అలూర్ అనే తల్లి, ఈ స్థితితో పుట్టిన తన కుమార్తె కోసం దారి వెతుకుతూ, 1972లో ఇటువంటి పిల్లలకు సంస్థను నెలకొల్పింది. ఆ కుమార్తె మాలినీ చిబ్ పెరిగి పెద్దదై, ఒక్క వేలితో మీటలు నొక్కి తన ఆత్మకథ రాసింది. ఆ వేలి వెనుక ఎన్ని వేల గంటలు ఉంటాయో లెక్కించండి.

మన సంస్థకు ఏటా చక్రాల కుర్చీలు ఇస్తున్న దాతలు ఉన్నారు. అవసరమే, ఇవ్వండి. ఒక చిక్కు ఉంది: కుర్చీ వెనుక దాత పేరు రాయవచ్చు, అరవై గంటల వెనుక ఎక్కడ రాస్తారు? శిక్షణ ఇచ్చేవారు దొరుకుతున్నారు. దొరకనిది, మూడు వారాలు ఊళ్లో ఉండడానికి తల్లికి ఒక గది, రెండు పూటల అన్నం, పోయిన కూలి. అన్నదానం మన సత్రాలలో నిత్యం జరుగుతూనే ఉంది. గదులు వేసవిలో వారాంతాలకు నిండుతాయి, మిగిలిన రోజులలో కొన్ని తాళంవేసి ఉంటాయని లెక్కలు చూసే మిత్రులే నాతో అన్నారు. వాటిలో నాలుగు గదులను మే నెలలో మూడు వారాలపాటు ఈ తల్లులకు కేటాయించవలసిందని ధర్మకర్తల మండలికి అర్జీ రాసి తెచ్చాను. అధ్యక్షులవారి చేతికి ఇప్పుడే ఇస్తాను.

మా మేడమీద గది ఐదేళ్లుగా ప్రతి వేసవిలో ఆ శిబిరానికి వచ్చేవారికే ఇస్తున్నాం. ఈ ఏడు విజయనగరం వైపు నుంచి ఒక తల్లి, తొమ్మిదేళ్ల కొడుకు వస్తున్నారని కబురు వచ్చింది. ఆ అబ్బాయి నడవలేడు. మా మెట్లు పదిహేడు, ఇరుకు కూడా. నా వయసులో నేను పట్టి ఎక్కించలేను. విశాఖపట్నంలో నేలమీద గది ఉన్నవారు ఈ సభలో ఎవరైనా ఉంటే, ప్రసాద వితరణ అయ్యేదాకా నేను ధ్వజస్తంభం పక్కనే కూర్చుని ఉంటాను. దయచేసి కనబడండి.